నేను తప్పు రాసిన ఇల్లు

ఇళ్ల విలువ కట్టే పనిలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు నా దగ్గరికి వస్తుంటారు. ప్రొద్దుటూరులో అపార్ట్‌మెంట్లకు ఈ గిరాకీ ఎన్నాళ్లుంటుంది, జమ్మలమడుగు రోడ్డులో ప్లాట్లు ఇంకా పెరుగుతాయా, పులివెందులలో ఇప్పుడు కొనవచ్చా అని అడుగుతారు. వాళ్ల ఫోన్లలో గీతలు పైకి పోతుంటాయి. ఆ గీతలను నేను కాదనను. అలాంటి గీత ఒకటి నేనూ గీశాను, గ్రాఫు కాగితం మీద, పెన్సిలుతో. దాన్ని నమ్ముకుని ఒక మనిషి గొర్రెల మంద అమ్మిన డబ్బుతో ఇల్లు కొన్నాడు. మీకు ఉపయోగపడుతుందో లేదో తెలియదు గానీ ఆ సంగతి చెబుతాను.

అవి మా జిల్లాలో ఫ్యాక్షన్ ముదిరిన సంవత్సరాలు. నేను ఇళ్ల అప్పులిచ్చే ఒక సంస్థకు ప్రొద్దుటూరు ఆఫీసులో విలువ కట్టే ఇంజనీరును. అప్పు అడిగిన వాళ్ల ఇంటికి వెళ్లి గోడలు కొలిచి, స్లాబు చూసి, ఇది ఎంత చేస్తుందో రాయడం నా పని. ఆఫీసులో ముఖ్యంగా ముగ్గురం. మా మేనేజరు గోదావరి వైపు మనిషి. బదిలీ మీద ఇక్కడికి వచ్చినప్పటి నుంచి ఆయనకు సరిగ్గా నిద్ర లేదు. రోడ్డు మీద సైకిలు ట్యూబు పేలినా కుర్చీలోంచి లేచేవారు. జీపు డ్రైవరు జమ్మలమడుగు సాయిబు. మేం భాయ్ అని పిలిచేవాళ్లం. ఏ ఊరి రోడ్డులో ఏ పూట పోవచ్చో, ఏ పూట పోకూడదో ఆయనకు తెలిసినట్టు పోలీసులకు కూడా తెలియదు.

ఆ ఏడాది హైదరాబాదు నుంచి ఒక కాగితం వచ్చింది. మా పరిధిలోని మూడు పట్టణాల్లో రాబోయే అయిదేళ్లు ఇళ్లకు గిరాకీ ఎలా ఉండబోతుందో అంచనా పంపమన్నారు. దాన్ని బట్టి ఎక్కడ ఎక్కువ అప్పులివ్వాలో నిర్ణయిస్తారట. మేనేజరు ఆ కాగితాన్ని నా ముందు పెట్టి, "మీరు లోకల్ కదండీ, మీరే రాయండి" అన్నారు.

నేను ఖాజీపేట వాణ్ణి. లోకలే. అందుకే నాకు అన్నీ తెలుసనుకున్నాను.

నెల రోజులు జీపులో తిరిగాం. ప్రొద్దుటూరులో బంగారు అంగళ్ల వాళ్లు, బట్టల వ్యాపారులు అన్నదమ్ములు వేరుపడి వేరే ఇళ్లు వెతుకుతున్నారు. కలమల్ల దగ్గర కరెంటు ప్లాంటులో పనిచేసేవాళ్లు పిల్లల చదువు కోసం పట్నంలో కాపురం పెడుతున్నారు. జమ్మలమడుగులో పల్లెల వాళ్లు ఇళ్లు కొంటున్నారు. పులివెందులలో ఆఫీసులు వస్తాయి, రోడ్లు వస్తాయి అన్న మాట మీదే స్థలాల ధరలు లేస్తున్నాయి. అన్నీ రాసుకున్నాను. అన్నీ నిజాలే.

వీటన్నిటిలో నాకు బాగా నచ్చింది జమ్మలమడుగు రోడ్డులో, ప్రొద్దుటూరు దాటగానే కొత్తగా లేచిన ఒక కాలనీ. నలభై ఇళ్లుంటాయి. రెండేళ్లలో ధర రెట్టింపయింది. ఇళ్లు చూస్తే ముచ్చటేసేది. మందపాటి గోడలు, ఎత్తు ప్రహరీలు, రేకు గేట్లు. 'నిర్మాణం దృఢంగా ఉంది' అని రాసుకున్నాను.

తిరిగొచ్చేటప్పుడు భాయ్ అడిగాడు. "సార్, ఇండ్లు చూసినారు. ఆ గేట్లు చూసినారా?"

"చూసినాను. మంచి గేజి, మందపు రేకు."

"ఒక్క గేటుకైనా సందు ఉండాదా సార్, లోపల ఎవురుండారో కనపడేదానికి? వీధి వైపు ఒక్క కిటికీ అన్నా ఉండాదా?"

"దుమ్ము రాకుండా పెట్టుకోలేదేమో."

భాయ్ గేరు మార్చాడు. నా కన్నా పదిహేనేళ్లు పెద్దవాడు. ఆయన ఆగినచోట నేను ఇంకో ప్రశ్న అడిగి ఉండాల్సింది. నా తల నిండా గ్రాఫు ఉంది, అడగలేదు.

రిపోర్టులో ఆ కాలనీ గురించి ఒక పేజీ రాశాను. మేనేజరు చదివి మెచ్చుకుని సంతకం పెట్టారు. హైదరాబాదు వాళ్లకూ నచ్చింది. ఆ కాలనీకి అప్పులు త్వరగా ఇమ్మని ఉత్తరం వచ్చింది.

ఆ ఉత్తరం వచ్చిన వారంలోనే అతను వచ్చాడు. ముద్దనూరు దగ్గర పల్లె. తాతల నాటి నుంచి గొర్రెలు కాసే కుటుంబం. కొంచెం సేద్యం కూడా మొదలుపెట్టారు. కాలనీలో మలుపు మీద ఉన్న ఇల్లు అమ్మకానికి వస్తే చూసుకున్నాడు. సగం సొంతంగా పెట్టుకుంటాడు, సగం మా దగ్గర అప్పు. నేను ఇల్లు కొలుస్తుంటే వెనకాలే తిరుగుతూ ఉన్నాడు. భార్య గడప దగ్గర నిలబడి ఇంట్లోకి కాకుండా వీధిలోకి చూస్తోంది.

"సారూ, ఒక మాట అడగాల. గొర్రెలు అమ్మేసినా. ఈ ఇల్లు కొంటే నష్టపోనా?"

"పల్లె ఎందుకు వదులుతాండావు?" అని అడిగాను.

అతను భార్య వైపు చూశాడు. ఆమే చెప్పింది. "ఊరు రెండుగా చీలింది సారూ. వీండ్లు రమ్మంటారు, వాండ్లు రమ్మంటారు. మందను తోలుకోని ఎవురి చేన్లో నిలబడినా ఆ పక్క మనిషివంటారు. మాకు ఏ పక్కా వద్దు. పట్నమైతే ఎవురి పాటికి వాళ్లుంటారు గదా?"

"పట్నంలో ఎవరూ పట్టించుకోరమ్మా" అని ఆమెకు చెప్పి, అతనితో అన్నాను. "రెండేళ్లలో రెట్టింపవుతుంది. కండ్లు మూసుకోని కొనుక్కో."

ఆ మాట ఎన్నిసార్లు నాకు నేనే మళ్లీ వినిపించుకున్నానో చెప్పలేను. మనకు తెలిసిన విషయం చెప్పేటప్పుడు గొంతు ఎలా ఉంటుందో, తెలియని విషయం చెప్పేటప్పుడూ అంతే ధీమాగా ఉంటుంది. అవతలివాడికి తేడా ఎలా తెలుస్తుంది?

వాళ్లు ఇంట్లో చేరిన ఆరు నెలలకు ఎన్నికలు వచ్చాయి.

ఎన్నికల ప్రకటన వచ్చిన మూడో రోజు నేను వేరే పని మీద ఆ కాలనీకి వెళ్లాను. ఆ మలుపింటికి ఎడమ పక్క ఇంటి ముందు రెండు జీపులు, ఎదురింటి ముందు ఒక లారీ ఉన్నాయి. లారీలోంచి మంచాలు, బియ్యం మూటలు, వాటితో పాటు పదిహేను మంది మగవాళ్లు దిగుతున్నారు. ఒక్క ఆడమనిషి కూడా లేదు. ఎడమ ఇంటి పిట్టగోడ మీద నుంచి ఇద్దరు వాళ్లను చూస్తున్నారు. నడి మధ్యాహ్నం, అన్ని గేట్లూ వేసి ఉన్నాయి.

జీపులో కూర్చున్నాక భాయ్ చెప్పాడు. "ఎడమింటాయన ఒక పార్టీకి కావాల్సినోడు. ఎదురింటాయన ఇంగో పార్టీ. ఇద్దరిదీ ఒకటే పల్లె సార్, శత్రుత్వం ఇరవై ఏండ్లది. ఊర్లో ఉండలేక ఒకరికి తెలీకుండా ఒకరు ఈడికే వచ్చి కొన్నారు. ఈ కాలనీలో సగం ఇండ్లు అట్లనే కొన్నారు."

"ముందే ఎందుకు చెప్పలేదు భాయ్?"

"గేట్లు చూడమని చెప్తిని గదా సార్."

అప్పుడు నాకు నా గ్రాఫు అర్థమైంది. రెండేళ్లలో ధర రెట్టింపయింది పిల్లల చదువుల వల్ల కాదు, కరెంటు ప్లాంటు వల్ల కాదు. భయపడినవాళ్లు బేరమాడకుండా కొన్నారు. నేను ఆ భయాన్ని కొలిచి, దానికి అభివృద్ధి అని పేరు పెట్టాను. ఆ రెండిళ్ల మధ్యలో, మలుపు మీద, ఏ పక్కా వద్దనుకున్న మనిషిని తీసుకొచ్చి కూర్చోబెట్టాను.

ఓట్ల రోజుకు ఇంకా పది రోజులు ఉందనగా అతను ఆఫీసుకు వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. మనిషి సగమయ్యాడు.

"సారూ, నా ఇంటికి తాళం ఎయ్యండి."

నాకు అర్థం కాలేదు. "అప్పు కంతులు సరిగ్గానే కడతాండావు గదా? తాళమెందుకు?"

"నా మిద్దె మీదికి ఎక్కితే రెండు పక్కల రోడ్డూ కనపడతాది, ఆ రెండిండ్ల వాకిండ్లు కూడా కనపడతాయి. ఓట్లనాడు మిద్దె మాకియ్యాలని ఎడమింటాయన మొన్న అడిగినాడు. నిన్న ఎదురింటాయన అడిగినాడు. ఇద్దరూ మర్యాదగానే అడిగినారు సారూ. బెదిరించి ఉంటే ఇంత భయం కాకపోను. ఒకరికిస్తే ఇంగొకరికి పగోణ్ణి. ఇద్దరికీ లేదంటే ఇద్దరికీ పగోణ్ణి. ఇంటికి మీరు తాళమేసి సీలు పెడితే, అది నా చేతిలో లేదని చెప్పుకుంటా. రేపు సాయంత్రానికల్లా జవాబు చెప్పాల."

"నీ భార్య ఏమంటాది?"

"ఏమీ అనదు. అదే భయం."

నేను అతన్ని బయట కూర్చోబెట్టి మేనేజరు గదిలోకి వెళ్లాను. ఆయన మొత్తం విన్నారు. కళ్లజోడు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నారు.

"కంతులు కట్టేవాడి ఇంటికి తాళం వేస్తే నా ఉద్యోగం పోతుందండీ. వేయకపోతే అతని ప్రాణం పోతుందంటున్నారు. నేనేం చేయను?"

"సార్, ఇల్లు కొనమని చెప్పింది నేను."

"మీరొక్కరే ఏమిటి? ఆ రిపోర్టు మీద నేనూ సంతకం పెట్టాను కదా." టేబుల్ మీద కాగితాలు సర్దారు. తరువాత నెమ్మదిగా అన్నారు. "తాళం వేసే అధికారం లేదు గానీ, తాకట్టులో ఉన్న ఇంటిని ఎప్పుడైనా మళ్లీ తనిఖీ చేసే అధికారం మీకుంది. పైకప్పు ప్రమాదకరంగా ఉందని మీరు రాస్తే, ఎవరూ ఎక్కరాదని నేను నోటీసు ఇవ్వొచ్చు."

ఆ స్లాబు ఎంత గట్టిదో నాకు తెలుసు. నా సర్వీసులో అప్పటిదాకా లేని పగులు ఉందని రాయలేదు, ఉన్న పగులు దాచలేదు. ఆ సాయంత్రం కూర్చుని లేని పగులు రాశాను. అది నా చేతిరాతలో ఉండటం ఇష్టం లేక టైపు చేసి ఇచ్చాను.

నోటీసు చూసి భాయ్ తల అడ్డంగా ఊపాడు. "కాగితం చూసి ఎవురు ఆగుతారు సార్? ఎక్కి చూస్తారు. మిద్దె బాగానే ఉండాదని తెలిస్తే, అబద్ధం చెప్పిస్తివని ఆయప్పను ముందు పట్టుకుంటారు."

"మరేం చేద్దాం?"

"ఎక్కేదానికి లేకుండా చేస్తే సరి."

ఆ ఇంటికి మెట్లు ప్రహరీ లోపల, పక్క గోడకు ఉన్నాయి. కడప బండలను ఒక కొస గోడలోకి గుచ్చి, ఇంకో కొస గాల్లో వదిలేసే రకం. పునాది ఉండదు. గోడలోంచి బండ ఊడదీస్తే మెట్టు లేనట్టే.

మరుసటి రోజు పన్నెండు గంటలకు జీపులో వెళ్లాం. మేనేజరు కూడా బయలుదేరారు. మేం వద్దన్నా వినలేదు. ఎండకు గొడుగు పట్టుకుని గేటు పక్కన నిలబడ్డారు. నేను, భాయ్, ఇంటాయన గడ్డపారలతో మొదలుపెట్టాం. గేటు కావాలనే బార్లా తీసి పెట్టించాను. దాచి చేస్తే అనుమానం వస్తుంది. మొదటి బండ కింద పడిన చప్పుడుకు ఎడమింటి గేటు తెరుచుకుంది.

ఆయన వచ్చాడు. యాభై దాటిన మనిషి, తెల్ల పంచె. వెనక ముగ్గురు. గొంతు చాలా మెత్తగా ఉంది.

"ఏంది సారూ, కొత్త ఇల్లు పగలగొడతాండారు?"

"స్లాబు దిగిందప్పా. ఈ మెట్లు గోడను లాగుతాండాయి. పైకి మనిషి ఎక్కకూడదు."

ఆయన గోడ మీద అరచేయి పెట్టి నిమిరాడు. అటూ ఇటూ నడిచి పైకి చూశాడు. గొర్రెలాయన చేతిలో గడ్డపార అట్లే ఆగిపోయింది. అతని భార్య వంటింటి తలుపులో నిలబడి కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడెనిమిది నెలల కిందట ఈడికొచ్చి, ఈ ఇల్లు రాయి మాదిరి ఉండాదని రాసినాయన నువ్వే గదా?"

"నేనే."

"ఇప్పుడేమో దిగిందంటావు."

"అప్పుడు తప్పు రాసినాను" అన్నాను.

ఆ మధ్యాహ్నం నేను చెప్పినవాటిలో నిజం అదొక్కటే. అందుకేనేమో గొంతు వణకలేదు. ఆయన నా మొహంలోకి చూశాడు.

"రాసేటోళ్లు తప్పు రాస్తే ఎట్ల సారూ? నమ్మి కొన్నోడు ఏం గావాల?"

వెనకున్న ముగ్గురిలో ఒకడు, "నిచ్చెన ఏసుకుంటే పోలా?" అన్నాడు. అప్పుడు మా మేనేజరు గొడుగుతో సహా రెండు అడుగులు ముందుకొచ్చారు. "ఎక్కితే... స్లాబు కూలితే... ప్రాణాలకు మా పూచీ లేదండీ. నోటీసు ఇచ్చేశాం. చూడండి, సంతకం నాదే." గొడుగు ఎలా ఊగుతోందంటే దాని నీడ నేల మీద నిలవడం లేదు. పెద్దాయన ఆ నీడను చూసి కొంచెం నవ్వాడు. ఏమనుకున్నాడో నాకు ఈనాటికీ తెలియదు. నమ్మాడనైతే నేననుకోను.

"అయితే ఎవురూ ఎక్కేదానికి లేదు" అన్నాడు.

"ఎవరికీ లేదు."

వెళ్లిపోయాడు. పావుగంట కూడా గడవలేదు, ఎదురింటాయన వచ్చాడు. వయసు తక్కువ, మాట దురుసు. భాయ్ ఎదురెళ్లి మాట్లాడాడు. ఆయన ఒకే ఒక్కటి అడిగాడు. "వాండ్లు గూడా ఎక్కరు గదా?"

"మెట్లే లేవు గదప్పా, ఎట్ల ఎక్కుతారు?"

"అట్లయితే సరే."

ఇద్దరికీ ఆ మిద్దె కావాల్సింది ముఖ్యంగా రెండోవాడికి దక్కకూడదనేనని అప్పుడు తెలిసింది. తొమ్మిది బండలు తీశాం. ఆ ఇంటామె నీళ్ల చెంబు తెచ్చి ముందు మేనేజరుకిచ్చింది. ఆయన సగం తాగి, సగం మొహాన చల్లుకున్నారు.

అదే సాయంత్రం వాళ్లను జీపులో ముద్దనూరు దగ్గరే వేరే పల్లెలో ఉన్న ఆమె పుట్టింటికి చేర్చాం. ఓట్ల రోజున ఆ వీధిలో రాళ్లు, నాటుబాంబులు పడ్డాయి. ఎదురింటాయన తమ్ముడికి చేయి పోయింది. ఎడమింటి గేటు మెలిదిరిగిపోయింది. మలుపింటికి కిటికీ అద్దాలు పగిలాయి, అంతే. మిద్దె మీద ఎవరైనా ఉండి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోవడం నాకు ఇష్టం లేదు.

మీరు అడిగే ధరల సంగతి కూడా చెప్పాలి కదా. ఎన్నికలైన నెలకు ఆ కాలనీలో సగం గేట్లకు తాళాలు పడ్డాయి. కొనేవాడు లేడు. దానికి తోడు స్లాబులు దిగుతున్నాయన్న నా అబద్ధం ఊరంతా పాకింది. ఏ పాపం ఎరగని కరెంటు ప్లాంటు ఉద్యోగుల ఇళ్లకు కూడా బేరాలు పడిపోయాయి. ఒకాయన ఆఫీసుకొచ్చి నన్ను నిలదీశాడు. అతనికి నిజం చెప్పలేకపోయాను. ఒక ఇంటిని కాపాడటానికి ఇంకో పదిళ్లకు నష్టం చేశాను. దాన్ని మంచిపని అని ఎవరైనా అంటే నాకు ఇబ్బందిగానే ఉంటుంది.

హైదరాబాదు వాళ్లు సంజాయిషీ అడిగారు. రెండో రిపోర్టు రాశాను. ఈ ఊళ్లలో ధర ఎందుకు పెరిగిందో, ఎవరు కొన్నారో, ఎవరికి భయపడి కొన్నారో పేర్లు లేకుండా రాశాను. పల్లెల్లో రాజీ కుదిరితే వీళ్లు వెనక్కిపోతారు, కుదరకపోతే ఇక్కడే కొట్టుకుంటారు, ఎటైనా ఈ ధర నిలవదని రాశాను. స్లాబు సంగతి మాత్రం దాంట్లోనూ దాచాను. మేనేజరు దాని మీద కూడా సంతకం పెట్టారు, తను అడుక్కున్న గోదావరి వైపు బదిలీ ఆగిపోతుందని తెలిసీ. కారణాలు అవసరం లేదు, అంకె మాత్రం పంపండి అని జవాబు వచ్చింది.

గొర్రెలాయన ఆ ఇంట్లో మరో ఏడేళ్లు ఉన్నాడు, అమ్ముడుపోక. నేను నెలకోసారి వెళ్లి కూర్చునేవాణ్ణి. నన్ను ఒక్క మాట అనలేదు. ఒకసారి నేనే క్షమించమని అడగబోతే అడ్డుపడ్డాడు. "ధర పెరుగుతాదా అని అడిగితిమి, మీరు చెప్తిరి. ఈడ కాపురం చెయ్యొచ్చా అని మేము అడగల్యా, మీరు చెప్పల్యా. ఇద్దరిదీ తప్పే సారూ."

ఈలోగా ఆ రెండిళ్ల వాళ్ల పల్లెలో రాజీ కుదిరింది. ఎడమింటాయన, ఆ తరువాత ఎదురింటాయన ఇళ్లు వదిలి ఊరికి పోయారు. మెల్లగా కాలనీకి జీవం వచ్చింది. పులివెందుల వైపు నుంచి బదిలీ మీద వచ్చిన ఒక టీచరమ్మ, ఆమె భర్త మలుపింటిని చూడటానికి వచ్చారు. విలువ కట్టడానికి నన్నే పిలిచారు.

నేను టేపు తీయకముందే గొర్రెలాయన వాళ్లను కూర్చోబెట్టి మొదలుపెట్టాడు. ఎదురింట్లో ఎవరుండేది, ఎడమింట్లో ఎవరుండేది, మిద్దె ఎవరు అడిగింది, మెట్లు ఎందుకు తీసింది, ఎవరి చేయి పోయింది, అన్నీ చెప్పాడు. తరువాత వాళ్లను వెంటబెట్టుకుని వీధిలో ప్రతి గడపకూ తీసుకుపోయి పరిచయం చేశాడు. నేను అతని భార్యతో గొంతు తగ్గించి అన్నాను. "ఇట్లయితే ఎవరు కొంటారమ్మా?"

"కొనకుంటే కొనకపోనీ సారూ. తెలీకుండా కొని, మా మాదిరి వాళ్లూ గాచారం పడాల్నా?"

గంట తరువాత వాళ్లు తిరిగొచ్చారు. టీచరమ్మ వసారాలో కూర్చుని చెప్పులు విప్పింది. గొర్రెలాయన ఆమె ముందు నిలబడి అన్నాడు. "ఉండేదంతా చెప్పినానమ్మా. ఇంగ మీ ఇష్టం."

"మా ఊర్లో మూడిండ్లు మారినాం అన్నా" అంది ఆమె. "అన్నిట్లో ఇట్లాంటివే జరిగినాయి. చేరినాక పక్కింటోళ్లు చెప్తే తెలిసేది. అమ్మేటోడే చెప్పింది ఈడనే. మాకు ఈ ఇల్లే కావాల."